ఎక్కడి సరుకు అక్కడికి

పల్నాడు జిల్లా బొల్లాపల్లి మండలంలో బండ్లమోటు కొండ ఉంది. ఆ కొండలో సీసం ఉంది. హిందుస్థాన్ జింక్ సంస్థ అక్కడ గని తవ్వి ఏళ్ళ తరబడి సీసపు ఖనిజం తీసింది. ఈ కొండ ఉన్న అగ్నిగుండాల ఖనిజ పట్టీలోనే నల్లకొండ, ధూకొండల దగ్గర రాగి పడింది. సీసం గని మూతపడింది గానీ ఆ రెండు లోహాలూ ఈ మండలాన్ని వదల్లేదు. సీసం ఇన్వర్టరు బ్యాటరీలోనూ, మిర్చి చేలో వీపున మోసే స్ప్రేయరు బ్యాటరీలోనూ ఇంటికొస్తోంది. రాగి మైలుతుత్తం (కాపర్ సల్ఫేటు) రూపంలో పురుగుమందుల కొట్టు నుంచి వస్తోంది.

ఈ రెండింటిలో ఏది పిల్లల చేతికివ్వాలన్నదే ఇక్కడి వాదం. వాదించేవాళ్ళు దగ్గరి చుట్టాలు. మావయ్యకి వినుకొండలో బ్యాటరీ షాపు. ట్రాక్టర్లవీ, ఆటోలవీ, స్ప్రేయర్లవీ బాగుచేస్తాడు. మేనకోడలు బొల్లాపల్లి మండలంలోనే హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ టీచరు. సైన్స్ ఫెయిర్‌కి మళ్ళీ మళ్ళీ చార్జి అయ్యే బ్యాటరీ సొంతంగా చేస్తామని పిల్లలు పట్టుబట్టారు. ఏం పెట్టి చెయ్యాలన్న దగ్గర ఇద్దరికీ కుదరలేదు. నా మొగ్గు మేనకోడలి వైపే. అయినా మావయ్య వేసిన ప్రశ్నలు తేలిగ్గా తీసిపారేసేవి కావు, అందుకే వాదం మొత్తం రాస్తున్నాను.

మావయ్య: చార్జింగ్ బ్యాటరీ అంటే సీసం బ్యాటరీయేనమ్మా. ఇందులో ఆలోచించేదేముంది? రెండు సీసం రేకులు, మధ్యలో గుడ్డ, గాజు సీసాలో యాసిడ్. పొద్దున చేస్తే సాయంత్రానికి బల్బు వెలిగిద్ది.

మేనకోడలు: వెలిగినా నిమిషం కూడా నిలవదు మావయ్యా. 1859లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే చేసింది అచ్చం నువ్వు చెప్పినదే. రెండు సీసం రేకులు, మధ్యలో గుడ్డ పెట్టి చుట్టగా చుట్టి సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో దించాడు. ఉత్త రేకు మీద పొర పల్చగా పడుతుంది, దాంతో ఎంతో కరెంటు రాదు. ఆ పొర మందం కావడానికి చార్జి చెయ్యడం, దించడం, తీగలు తారుమారు చేసి మళ్ళీ చార్జి చెయ్యడం, నెలల తరబడి ఇదే పని. అప్పటికి ఆయనకి డైనమో కూడా లేదు. వేరే బ్యాటరీలు వరసగా కలిపి వాటితో దీన్ని చార్జి చేశాడు. మా పిల్లలకి ఉన్నది మూడు వారాలు.

మావయ్య: రేకులతో ఎవరు చెయ్యమన్నారు? సీసపు ముద్ద మెత్తిన ప్లేట్లు నా దగ్గరే ఉన్నయ్. పాత బ్యాటరీ విప్పితే కావలసినన్ని. ప్లాంటే పడ్డ అవస్థ ఈ పిల్లలెందుకు పడాల?

మేనకోడలు: ముద్ద మెత్తడం 1881లో కమీల్ ఫోర్ తెచ్చిన పద్ధతి. ఫ్యాక్టరీల్లో సీసం బ్యాటరీ నిలబడింది దానివల్లే, కాదనను. కానీ నా భయమంతా ఆ ముద్దతోనే. కొండలో గలీనా రాయిగా ఉన్నంతకాలం సీసం ఎవరి జోలికీ రాదు. ముద్ద ఎండిందంటే పొడి. పొడి గోళ్ళ సందుల్లోకి పోతుంది, అదే చేత్తో మధ్యాహ్నం అన్నం తింటారు.

మావయ్య: నేనూ తిన్నా అన్నం. ఇన్నేళ్ళు ప్లేట్లు పట్టుకున్న చేతులే ఇవి. నాకేమైంది?

మేనకోడలు: నీకు ఏమీ కాలేదని తేల్చుకోవడానికి నువ్వు ఎప్పుడూ రక్తం పరీక్ష చేయించుకోలేదు. ఆ సంగతి అట్టా ఉంచు. నువ్వు పని మొదలుపెట్టింది పెళ్ళయ్యాక. పసివాళ్ళ కడుపులోకి పోయిన సీసంలో వంటికి పట్టేది పెద్దవాళ్ళకంటే నాలుగైదు రెట్లు ఎక్కువ. మెదడు ఇంకా ఎదుగుతున్న వయసులో అది చేసే చెడు మళ్ళీ బాగుపడదు. 2020లో యునిసెఫ్, ప్యూర్ ఎర్త్ కలిసి ఇచ్చిన నివేదికలో ఏముందో తెలుసా? ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరి రక్తంలో డెసిలీటరుకి 5 మైక్రోగ్రాములో, అంతకు మించో సీసం ఉంది. దాదాపు 80 కోట్ల మంది. దానికి చెప్పిన పెద్ద కారణాల్లో ఒకటి, పాత బ్యాటరీలని అడ్డదిడ్డంగా పగలగొట్టి కరిగించడం. ఒకటి అడుగుతా, నిజం చెప్పు. ఇన్నేళ్ళలో బడికెళ్ళే పిల్లాణ్ణి ప్లేట్ల దగ్గర పనికి పెట్టుకున్నావా?

మావయ్య: పెట్టుకోలా. పెట్టుకోబుద్ధి కాలా. యాసిడ్ ఒకటుంది గదా.

మేనకోడలు: నువ్వు కొట్లో చెయ్యనిది నన్ను బళ్ళో చెయ్యమంటున్నావు.

ఇక్కడ మావయ్య కాసేపు ఊరుకున్నాడు. కానీ ఒప్పుకుని ఊరుకోలేదు. ఆ తర్వాత ఆయన ఎత్తిన మాటే ఈ వాదంలో గట్టిది.

మావయ్య: సరే, సీసం విషం. మరి నువ్వు పెట్టబోయేదేంది? మైలుతుత్తం. అదేమన్నా అమృతమా? మింగితే మనిషి దక్కుతాడా?

మేనకోడలు: దక్కడం కష్టమే. పిల్లలకి అది మొదటిరోజే చెప్పాలి. కళ్ళజోడు, చేతి తొడుగులు లేకుండా ముట్టనివ్వను. తేడా ఎక్కడుందంటే, మైలుతుత్తం విషాన్ని విరిచెయ్యడం మన రైతులకి తెలుసు. బత్తాయికీ, తమలపాకుకీ బోర్డో మిశ్రమం ఎట్టా కలుపుతారు?

మావయ్య: వంద లీటర్లకి కిలో తుత్తం, కిలో సున్నం. విడివిడిగా కలిపి, రెండూ ఒక్కసారి పోస్తారు.

మేనకోడలు: సున్నం సరిపోయిందో లేదో ఎట్టా తెలుస్తుంది?

మావయ్య: కొడవలి ముంచి చూస్తారు. కొన మీద ఎర్రగా రాగి పడితే సున్నం చాలలేదని. ఇంకాస్త పోస్తారు. ఎరుపు పడకపోతే చెట్టు మీద కొట్టొచ్చు.

మేనకోడలు: ఆ కొడవలి మీద పడ్డ ఎర్ర పొరే మా పాఠం మావయ్యా. ఇనుము కరిగి నీళ్ళలోకి పోతుంది, నీళ్ళలోని రాగి ఇనుము మీదికొచ్చి కూర్చుంటుంది. ఇనుము ఎలక్ట్రాన్లు ఇచ్చేసింది, రాగి పుచ్చుకుంది. ఇచ్చేవాళ్ళూ పుచ్చుకునేవాళ్ళూ ఒకరికొకరు తగిలి ఉన్నారు గనక అదంతా కొడవలి కొన మీదే జరిగిపోతుంది, బయట ఏమీ కనపడదు. ఇద్దరినీ విడదీసి మధ్యన తీగ కలిపితే అవే ఎలక్ట్రాన్లు తీగలో నుంచి నడిచి రావాలి. అదే బ్యాటరీ. ఇనుము బదులు జింక్ పెడితే ఇంకా జోరుగా ఇస్తుంది. 1836లో లండన్‌లో జాన్ డేనియల్ చేసింది ఇదే. విడదీయడానికి మొదట ఎద్దు గొంతుగొట్టం వాడాడు, తర్వాత కాల్చిన మట్టిపాత్ర వాడుకలోకి వచ్చింది. ఇంటర్ రెండో ఏడాది కెమిస్ట్రీ పుస్తకంలో బొమ్మ ఉంటుంది. పిల్లలు బొమ్మ గీసి మార్కులు తెచ్చుకుంటారు, దాన్ని చేతులారా చేసినవాళ్ళు నాకింతవరకు తగల్లేదు. దీనికి కావలసిన సరుకంతా ఈ మండలంలోనే ఉంది. మైలుతుత్తం, వరిమడికి చల్లే జింక్ సల్ఫేటు, మెరుగు పెట్టని మట్టి ముంత, కరెంటు తీగ గీకితే వచ్చే రాగి. జింక్ రేకు మా ల్యాబులో ఉంది.

మావయ్య: ఓల్టు ఎంతొచ్చిద్ది?

మేనకోడలు: 1.1.

మావయ్య: నా సెల్లు ఒకటికి రెండు. ఆరు సెల్లులకి పన్నెండు. నీ ముంతలు పదకొండు పేర్చాల ఒక స్ప్రేయరుకి. పేర్చినా తిరగదు.

మేనకోడలు: తిరగదు. మూడు ముంతలు వరసగా కలిపితే 3.3 ఓల్టులు. తెల్ల ఎల్‌ఈడీ ఒకటి మసగ్గా వెలుగుతుంది. అంతకు మించి నేను ఆశ పెట్టడం లేదు.

మావయ్య: ఫోను చార్జి చేస్తదా అని అడుగుతారు పిల్లలు. ముందు అదే అడుగుతారు.

మేనకోడలు: అడగనీ. లెక్క వాళ్ళ చేతే వేయిస్తా. గ్రాము జింక్ కరిగితే దాదాపు 820 మిల్లీ ఆంపియర్ అవర్లు రావాలి. ఫోనులో ఉన్నంత శక్తి కావాలంటే కాగితం మీద ఇరవై గ్రాముల పైచిలుకు జింక్ చాలు. జింక్‌కి లోటు లేదు. లోటు దారిలో ఉంది. ముంత గోడలో నుంచి అయాన్లు నెమ్మదిగా దాటాలి, అందుకని ఒక్కసారిగా ఎక్కువ కరెంటు ఇవ్వలేదు. శక్తి ఎంత ఉందన్నది ఒకటి, ఎంత వేగంగా ఇస్తుందన్నది ఇంకొకటి. పెద్ద చదువులకి పోయినవాళ్ళు కూడా ఈ రెంటినీ కలగలిపి మాట్లాడటం విన్నాను.

మావయ్య: బ్యాటరీ చెయ్యడం ఫ్యాక్టరీ పనమ్మా. తిరుపతి పక్కన అమరరాజా లేదా? 1985లో పెట్టిన కంపెనీ, ఇయ్యాల దేశమంతా దాని బ్యాటరీలే. ఇప్పుడు మహబూబ్‌నగర్ కాడ దివిటిపల్లిలో లిథియం సెల్లులకి కూడా ఫ్యాక్టరీ కడతన్నారు. మనం ముంతలు పెట్టుకుని కూచుంటే వాళ్ళు నవ్వరూ?

మేనకోడలు: ఆ ఫ్యాక్టరీల్లో పనికి పోవలసింది ఈ పిల్లలే. వీళ్ళని అడిగి చూడు, బ్యాటరీలో కరెంటు నింపి పెడతారనే చెబుతారు. నువ్వూ అట్టాగే అంటావు.

మావయ్య: నింపకపోతే ఎక్కడినుంచి వచ్చిద్ది? అయినా నాకు తెలవదనుకున్నావా? చార్జి ఎక్కేకొద్దీ గ్రావిటీ పెరుగుద్ది. దిగిపోయిన బ్యాటరీ 1.15 చూపెట్టిద్ది, నిండిందయితే 1.25 పైన. కరెంటు ఎక్కిస్తే నీళ్ళు బరువెక్కుతున్నాయంటే లోపల సరుకు మారిందనే గదా అర్థం.

ఈ మాట నాకు నచ్చింది. ఆయన గ్రావిటీ చూసే హైడ్రోమీటరు అంటే గాజు గొట్టం, పైన రబ్బరు బుడ్డి. బుడ్డి నొక్కి వదిలితే యాసిడ్ గొట్టంలోకి ఎక్కుతుంది, అందులో చిన్న ఫ్లోటు పైకి లేస్తుంది. ఫ్లోటు మీద ఎరుపు, ఆకుపచ్చ గీతలు. ప్లేట్లలో సల్ఫేటుగా అంటుకుపోయినది చార్జి ఎక్కుతుంటే యాసిడ్‌గా మారి నీళ్ళలోకి తిరిగొస్తుంది, నీళ్ళు చిక్కబడతాయి, ఫ్లోటు లేస్తుంది. చదువుకున్నవాళ్ళు సూత్రం చూసి నమ్మేదాన్ని ఈయన రోజూ కంటితో చూస్తున్నాడు. వాదం అసలు సంగతికి వచ్చింది ఇక్కడే.

మేనకోడలు: మరి అదే పిల్లలకి కళ్ళముందు కనపడాలి. ముంతలో నీలం రంగు పలచబడితే దిగిపోయినట్టు. చార్జి పెడితే రాగి కరిగి మళ్ళీ నీలం చిక్కబడుతుంది, అవతల జింక్ రేకు మీదికి జింక్ తిరిగొస్తుంది. బయటినుంచి 1.1 కంటే తక్కువ ఓల్టులు ఇస్తే ముంతే గెలుస్తుంది. సరిగ్గా 1.1 ఇస్తే ఎటూ కదలదు. దాటించి ఇస్తే నడక వెనక్కి తిరుగుతుంది. ఇంతకంటే శుభ్రంగా చార్జింగ్ అంటే ఏమిటో చూపించే వస్తువు నాకు దొరకలేదు.

మావయ్య: చార్జి దేంతో పెడతావు?

మేనకోడలు: ఫోను చార్జరు, 5 ఓల్టులది. మూడు ముంతలకి 3.3 పోతే మిగిలేది 1.7. మధ్యలో 100 ఓముల రెసిస్టరు పెడితే 17 మిల్లీ ఆంపియర్లు పోతాయి. పది గంటలు పెడితే ఒక్కో రేకు మీద 0.2 గ్రాముల జింక్ చేరాలి, అటు రాగి కూడా ఇంచుమించు అంతే తరగాలి. బంగారం తూచే చిన్న కాటా ఉంటే తేలిపోతుంది. ఫారడే సూత్రాన్ని తూకంలో చూస్తారు.

మావయ్య: బుడగలు?

మేనకోడలు: నెమ్మదిగా పెడితే దాదాపు రావు. నీ సీసం సెల్లు 2.4 ఓల్టులు దాటితే హైడ్రోజన్ తన్నుతుంది, అది గాలిలో నూటికి నాలుగు వంతులు చేరితే నిప్పురవ్వ చాలు.

మావయ్య: అది నాకు చెప్పబాక. చార్జింగ్‌లో ఉన్న బ్యాటరీలో నీళ్ళెంత ఉన్నాయో చూద్దామని అగ్గిపుల్ల గీసినవాణ్ణి కళ్ళారా చూశా. మూత ఎగిరి మొహాన యాసిడ్ పడింది. సరే, పేలదు, ఒప్పుకున్నా. ఇప్పుడు నేనడిగేదానికి చెప్పు. రాత్రి చార్జి చేసిన ముంత తెల్లారేదాకా నిలిచిద్దా?

మేనకోడలు: పూర్తిగా నిలవదు.

మావయ్య: ఎందుకు నిలవదు?

మేనకోడలు: నీలం నీళ్ళు ముంత గోడలో నుంచి ఊరి జింక్ వైపు పోతాయి. అక్కడ కొడవలికి జరిగిందే జింక్‌కీ జరుగుతుంది. రేకు మీద నల్లగా పొర కడుతుంది. తీగ కలపకుండానే సరుకు ఖర్చవుతుంది.

మావయ్య: నా సీసానికి ఆ జబ్బు లేదు. ఎందుకు లేదో నువ్వే చెప్పాల, నువ్వు చదువుకున్నదానివి.

మేనకోడలు: ఎందుకంటే చార్జి దిగేటప్పుడు పుట్టే లెడ్ సల్ఫేటు నీళ్ళలో దాదాపు కరగదు. ఏ ప్లేటుది ఆ ప్లేటునే అంటిపెట్టుకుని ఉంటుంది. రెండు వైపులా ఒకటే యాసిడ్, కలిసిపోతుందన్న బాధ లేదు.

మావయ్య: అదీ మాట! దొడ్లోనే మేసే గొర్రెకి కాపలా అక్కర్లేదు. నీ రాగి పొలిమేర దాటే గొర్రె, దాన్ని ముంత ఆపలేదు. మళ్ళీ మళ్ళీ చార్జి కావాలంటే ఎక్కడి సరుకు అక్కడే ఉండాల. ఆ పని సరిగ్గా చేసేదాన్ని వదిలేసి, చెయ్యలేనిదాన్ని పిల్లలకి నేర్పుతానంటావు.

మేనకోడలు: నువ్విప్పుడు చెప్పినదే బ్యాటరీల చరిత్ర మొత్తం మావయ్యా. లిథియం సెల్లు గెలిచింది కూడా ఈ దెబ్బతోనే. లిథియం అటు గ్రాఫైటు పొరల సందుల్లో దూరి కూర్చుంటుంది, ఇటు ఆక్సైడ్ పొరల్లో కూర్చుంటుంది. పోయినా వచ్చినా దాని చోటు దానికి ఉంది. 1991లో సోనీ దాన్ని బజారులో పెట్టింది. 2019లో గుడ్‌ఇనఫ్, విటింగ్‌హామ్, యోషినో ముగ్గురికీ నోబెల్ ఇచ్చింది ఆ చోట్లు కనిపెట్టినందుకే. ఇది పిల్లలకి నోటితో చెబితే ఎక్కదు. వాళ్ళ ముంతలో జింక్ నల్లబడాలి. ఎందుకు నల్లబడిందని వాళ్ళే అడగాలి. అప్పుడు నీ సీసం గొప్పతనం చెబితే చెవిన పడుతుంది.

మావయ్య: పాడైపోతదని తెలిసీ చేయిస్తావా? ఫెయిర్‌లో బల్బు ఆరిపోతే మొహం చిన్నబుచ్చుకుంటారు.

మేనకోడలు: ముందే చెప్పి చేయిస్తా. ఆరిపోవడం కూడా కొలవాల్సిన సంగతే.

మావయ్య వృత్తి తెలిసినవాడు గనక ఇక్కడ తిట్టి వదిలెయ్యలేదు. ముంతకి వైద్యం మొదలుపెట్టాడు. ఈ భాగం వినడానికి నాకు హాయిగా ఉంది. వద్దన్న మనిషే ఎట్టా చేస్తే బాగుంటుందో చెప్పసాగాడు.

మావయ్య: అయితే 17 మిల్లీ ఎక్కువ. తగ్గించు. జోరుగా ఎక్కిస్తే లోహం సమంగా పడదు, ముళ్ళు ముళ్ళుగా లేచిద్ది. ఆ ముళ్ళు రాలి అడుగున పడితే ఇక ఎందుకూ పనికిరావు. రెసిస్టరు పెద్దది వేసి రెండు రోజులు పెట్టు. రెండోది, పని కాగానే నీలం నీళ్ళు వంచేసి వేరే సీసాలో పొయ్యి. ముంతలో నిలవుంచబాక. స్ప్రేయరు బ్యాటరీలు ఎందుకు చచ్చిపోతన్నయ్? సీజన్ అయిపోయాక దిగిపోయిన బ్యాటరీని అట్టానే మూలన పడేస్తారు, సల్ఫేటు గట్టిపడి కూచుంటది. ఏ బ్యాటరీ అయినా వాడనప్పుడు ఎట్టా పెట్టామన్నదే దాని ఆయుష్షు.

మేనకోడలు: ముంత ముందురోజే జింక్ సల్ఫేటు నీళ్ళలో నానబెట్టాలనుకున్నా.

మావయ్య: నానబెట్టు. ముంత కూడా చూసి కొనుక్కో. బాగా కాలిన ముంతయితే ఖణేల్ మంటది, దాంట్లో నుంచి నీళ్ళు త్వరగా ఊరవు. అట్టాంటిదయితే నీలం నెమ్మదిగా దాటుద్ది, కరెంటు కూడా తగ్గిద్దనుకో. మూడు రకాలు తెచ్చి మూడూ చూడండి.

మేనకోడలు: ఇది మాత్రం నేను అనుకోలేదు. మూడు కాలుపులు, మూడు లెక్కలు.

మావయ్య: వాడిన నీళ్ళేం చేస్తావు? బడి వెనక కాలవలో పోస్తే ఊరుకోను.

మేనకోడలు: సున్నం కలిపి, మేకు ముంచి చూసి, ఎరుపు పడకపోతేనే పైనీళ్ళు పారబోస్తాం. అడుక్కి దిగిన నీలం మడ్డిని పారబొయ్యం, డబ్బాలో పెట్టి మళ్ళీ ఏడాది పిల్లలకి చూపిస్తాం.

మావయ్య: మీటరు నాది తీసుకో. చార్జి ఎంత పెట్టారో, ఎంత తిరిగొచ్చిందో గంటగంటకీ రాయమను. వందకి నలభయ్యే తిరిగొస్తే నలభయ్యనే చార్టు మీద రాయాల. తక్కువొచ్చిందని తెల్లవారి కొత్త జింక్ రేకు పెట్టి జడ్జీలకి చూపిస్తే నేనొచ్చి చెబుతా.

మేనకోడలు: ఎంతొస్తే అంతే రాస్తాం. దాని పక్కన సీసం లెక్క కూడా ఉండాలి. స్ప్రేయరు బ్యాటరీ ఒకటి ఇవ్వు, దాన్నీ అదే మీటరుతో చార్జి చేసి దించి కొలుస్తాం.

మావయ్య: విప్పకుండానా?

మేనకోడలు: విప్పకుండా.

మావయ్య: సీల్ చేసిందే ఇస్తా. కానీ లోపల ప్లేట్లు చూడకుండా సీసం బ్యాటరీ తెలిసిద్దంటే నేనిప్పటికీ ఒప్పుకోను.

మేనకోడలు: ఒప్పుకోవద్దు. ప్లేటు బొమ్మ నువ్వే బోర్డు మీద గీసి చెప్పు, శనివారం మూడో పీరియడ్ నీదే.